పాటల పంచాంగం: రేకు మీద గీత

గత సంచికలో ఫిబ్రవరి 3 దగ్గర ఆగాం. 1959లో అయోవా మంచులో కూలిన చిన్న విమానం, గాయకుడు బడ్డీ హాలీ, మంచు కరిగాక పొలంలో దొరికిన అతని కళ్ళజోడు. అది చదివి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "ఏమయ్యా, నీ పంచాంగం నిండా తద్దినాలేనా? ఒక్క పుట్టినరోజైనా దొరకలేదా?" అన్నారు. అందుకని ఈసారి పుట్టినరోజుతోనే మొదలుపెడుతున్నాను. చివరిదాకా అదే వరసలో నడుస్తానని మాత్రం మాటివ్వలేను.

ఫిబ్రవరి 11. నా నోటుబుక్కులో తేదీకో పేజీ ఉంటుంది. చాలా పేజీలు బోసిగా ఉంటాయి. ఈ పేజీ మాత్రం అంచులదాకా నిండింది. 1847 దగ్గర ఒక పుట్టుక, 1963 దగ్గర ఒక జలుబు, 1974 దగ్గర ఒకటి, 2012 దగ్గర మరొకటి ఎర్ర సిరాతో. ఇలా కలిస్తే మనవాళ్ళు వెంటనే గ్రహాల దాకా వెళ్ళిపోతారు. నాకు అంత దూరం వెళ్ళే ఓపిక లేదు. ఏడాదికి ఉన్నవి 365 రోజులు, పాడినవాళ్ళు వేలమంది, ఎక్కడో ఒకచోట తారసపడతారు. నన్ను పట్టుకున్నది తేదీ కాదు, ఆ పేజీలో అన్నిచోట్లా కనబడే ఒకే బేరం. గొంతు ఒంట్లో ఉంటుంది. ఒంటికి ఏమైతే దానికీ అదే అవుతుంది. దాన్ని ఒంట్లోంచి తీసి దాచిపెట్టడానికి మనిషి ఒక యంత్రం చేసుకున్నాడు. దాచుకున్నందుకు ఎవరు ఎంత ఇచ్చుకున్నారన్నదే ఈ వారం కథ.

1847 ఫిబ్రవరి 11న అమెరికాలో, ఓహాయో రాష్ట్రంలోని మైలాన్ అనే చిన్న ఊళ్ళో థామస్ ఆల్వా ఎడిసన్ పుట్టాడు. చిన్నప్పుడే చెవులు మందగించాయి. శబ్దాన్ని పట్టి బంధించిన మనిషికి శబ్దం సరిగ్గా వినబడేది కాదు. పెద్దయ్యాక యంత్రం చెక్కను పళ్ళతో కరిచి పట్టుకుని, ఎముకల గుండా వచ్చే అదురుతో సంగీతం వినేవాడట. పాటను ఇలా కరిచి విన్నవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

1877లో న్యూజెర్సీలోని మెన్లో పార్క్ ప్రయోగశాలలో అతను గీసిచ్చిన బొమ్మ చూసి జాన్ క్రూసీ అనే పనివాడు ఒక వస్తువు తయారుచేశాడు. చుట్టూ గాడి తీసిన ఇత్తడి రోలు లాంటిది ఒకటి, తిప్పడానికి ఒక పిడి, రోలు మీద చుట్టిన తగరపు రేకు, దానికి ఆనించిన సూది. సూది వెనక పల్చటి బిళ్ళ. బిళ్ళ ముందు మాట్లాడితే అది అదురుతుంది, అదురు సూదికి వస్తుంది, రోలు తిరుగుతుంటే సూది రేకును ఎక్కువ తక్కువలుగా నొక్కుకుంటూ పోతుంది. అంతే. రేకు మీద ఒక గీత. సూదిని మళ్ళీ మొదటికి తెచ్చి పిడి తిప్పితే ఆ గీత సూదిని అదిలిస్తుంది, సూది బిళ్ళను అదిలిస్తుంది, మాట తిరిగొస్తుంది. ఎడిసన్ అందులోకి పిల్లలు పాడుకునే మేరీ గొర్రెపిల్ల పద్యం చెప్పాడు. అది తిరిగి చెప్పింది. నాలుగైదుసార్లు వింటే రేకు నలిగి గీత చెరిగిపోయేది, అది వేరే సంగతి.

మరుసటి ఏడాది అతను ఒక పత్రికకు వ్యాసం రాస్తూ ఈ యంత్రం దేనికి పనికొస్తుందో పది ఉపయోగాలు వరసగా పెట్టాడు. మొదటిది ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం. రెండోది కళ్ళు లేనివాళ్ళకు పుస్తకాలు. మూడోది ఉచ్చారణ నేర్పడం. సంగీతం నాలుగోది! ఇంట్లో కూర్చుని ఆఫీసు గుమాస్తా గురించి ఆలోచించినవాడి చేతిలోంచి ప్రపంచంలోని పాటల వ్యాపారమంతా పుట్టుకొచ్చింది. అయిదో ఉపయోగం కుటుంబపు జ్ఞాపకాలు, ఇంటివాళ్ళ గొంతులు, పోయేముందు వాళ్ళు చెప్పిన చివరి మాటలు. ఈ అయిదోదాన్ని కాస్త పక్కన పెట్టండి, దాంతో పని పడుతుంది.

తర్వాత పదేళ్ళకు ఎమిల్ బెర్లినర్ రోలు తీసేసి పళ్ళెం పెట్టాడు. ఒక అచ్చు నుంచి వేల పళ్ళాలు తీయొచ్చు, రోలుతో అది కుదిరేది కాదు. అక్కణ్ణించి గ్రామఫోన్ కంపెనీ, గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న కుక్క బొమ్మ. మన ఊళ్ళలో చదువురానివాళ్ళు కూడా 'కుక్క మార్కు ప్లేటు' అని అడిగి కొనుక్కున్నారు.

ఇంకొక్క మలుపు చెప్పి ఎడిసన్‌ను వదిలేస్తాను. మొదట్లో పాడేవాళ్ళు పెద్ద గొట్టంలోకి తల దూర్చి అరవాల్సి వచ్చేది. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డు చేయడం వచ్చింది. అప్పటినుంచి గుసగుస కూడా గీతగా పడింది. ఈ మాట చిన్నదిగా కనబడుతుంది గానీ, దీని వల్లే ఘంటసాల ఘంటసాల అయ్యారని నా నమ్మకం. అది తర్వాత.

ఇప్పుడు 1963. ఫిబ్రవరి 11, సోమవారం, లండన్. ఇంగ్లండులో ఆ చలికాలం మామూలుది కాదు, నెలల తరబడి మంచు గడ్డకట్టి ఉంది. లివర్‌పూల్ కుర్రాళ్ళు నలుగురు, అంటే బీటిల్స్, హెలెన్ షపీరో అనే పదహారేళ్ళ గాయని బృందంలో భాగంగా ఊరూరా తిరిగి పాడుతూ మధ్యలో ఒక్కరోజు సెలవు దొరికితే ఎబ్బీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోకి వచ్చారు. అంతకు ఏడాది ముందు జనవరి 1న మరో పెద్ద కంపెనీ వాళ్ళ పాట విని పంపేసింది. ఇప్పుడు రెండో చిన్న రికార్డు బాగా అమ్ముడవుతోంది. వేడి చల్లారకముందే పెద్ద రికార్డు ఒకటి తేవాలి. పద్నాలుగు పాటలు కావాలి, నాలుగు ఉన్నాయి. మిగతా పదీ ఆ ఒక్కరోజులో పాడేయాలి.

నిర్మాత జార్జ్ మార్టిన్. ఉదయం పదింటికి మొదలు. వాళ్ళకు ముట్టేది మూడు గంటల విడతకు తలా ఏడున్నర పౌండ్లు, సంఘం నిర్ణయించిన రేటు. రికార్డు చేసే టేపు మీద రెండే దారులు. ఒకదాని మీద గొంతులు, రెండోదాని మీద వాయిద్యాలు. తర్వాత అతుకులు వేసి బాగుచేసుకునే వీలు చాలా తక్కువ. అందరూ కలిసి వాయిస్తూ పాడాలి, తప్పితే మళ్ళీ మొదటినుంచి. మద్రాసు స్టూడియోల్లో పనిచేసిన పాత వాద్యగాళ్ళకు ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. వయొలిన్లలో ఒకడు జారితే గాయకుడు పదకొండోసారి పాడుకోవాల్సిన రోజులవి.

మధ్యాహ్నం స్టూడియోవాళ్ళు పక్కనున్న పబ్బుకి భోజనానికి వెళ్ళారు. వీళ్ళు వెళ్ళలేదు. పాలు తాగుతూ అక్కడే సాధన చేసుకున్నారు. భోజనం మానుకుని సాధన చేసే బృందాన్ని అంతకుముందు తాము చూడలేదని స్టూడియో కుర్రాడొకడు తర్వాత్తర్వాత చెప్పుకున్నాడు.

జాన్ లెనన్‌కు ముక్కు కారుతోంది. బాగా పట్టిన జలుబు. పియానో మీద పెద్ద గాజు సీసా నిండా గొంతుబిళ్ళలు, దాని పక్కనే పెద్ద సిగరెట్ల పెట్టె. ఒక చేత్తో ఇది, ఒక చేత్తో అది. మన ఇళ్ళలో అయితే మిరియాల పాలు పట్టించి దుప్పటి కప్పి పడుకోబెట్టేవాళ్ళు. అక్కడ పాలున్నాయి గానీ మిరియం లేదు. పడుకునే వేళా లేదు.

ఉదయం విడతంతా రెండు పాటలకే పోయింది. సాయంత్రం ఏడున్నరకు మూడో విడత మొదలయ్యాక కుర్రాళ్ళు పరుగందుకున్నారు. ఒక పాటను పదమూడుసార్లు ప్రయత్నించి పక్కన పడేశారు. డ్రమ్ములు వాయించే రింగో తన పాటను ఒక్క దెబ్బకే పాడేశాడు. రాత్రి పది దాటింది. మామూలుగా స్టూడియో మూసేసే వేళ. తొమ్మిది పాటలయ్యాయి, ఒకటి తక్కువ. అందరూ కాంటీన్లో కాఫీ దగ్గర కూర్చుని ఏది పాడాలని తర్జనభర్జన పడ్డారు. చివరికి తేలింది 'ట్విస్ట్ అండ్ షౌట్'. వాళ్ళ సొంత పాట కాదు, అమెరికాలో ఐస్లీ సోదరులు అంతకు ముందు ఏడాది పాడి పేరు తెచ్చుకున్న పాట. లివర్‌పూల్ క్లబ్బుల్లో వీళ్ళు దీన్ని ఎన్నోసార్లు పాడారు. చిక్కేమిటంటే అది పాట కంటే కేక. గొంతు చింపుకోకుండా దాన్ని పాడలేరు. అందుకే మార్టిన్ దాన్ని చివరికి ఉంచాడు. అది అయ్యాక ఆ గొంతు ఇంక దేనికీ పనికిరాదని అతనికి తెలుసు.

లెనన్ ఇంకో రెండు బిళ్ళలు చప్పరించాడు, పాలతో పుక్కిలించాడు, చొక్కా విప్పి పక్కన పడేశాడు. మొదలైంది. రెండున్నర నిమిషాలు. ఇప్పుడు వినండి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. స్వరం మీద స్వరం నిలబడదు. చిరిగిన గుడ్డలో కొబ్బరికాయ మోసుకెళ్తున్నట్టు ఉంటుంది, ఎక్కడ జారిపోతుందోనని వినేవాడికి భయం. జారదు. చివరి కేక దాకా లాక్కొచ్చాడు.

మార్టిన్ ఇంకోసారి పాడమన్నాడు. మొదలుపెట్టారు కూడా. లెనన్ గొంతులో ఏమీ మిగల్లేదు. మొదటిదే ఖాయమయింది. పదీ మూడు పావులకు దీపాలార్పారు. మూడు విడతలూ కలిపితే 585 నిమిషాలు. మార్చి 22న రికార్డు బజారులోకి వచ్చింది, మే నెలలో మొదటి స్థానానికి ఎక్కి వరసగా 30 వారాలు దిగలేదు. దాన్ని దింపింది వాళ్ళ రెండో రికార్డే.

చాలా కాలం గొంతు మామూలవ్వలేదనీ, గుటక వేసినప్పుడల్లా గరుకు కాగితం దిగినట్టుండేదనీ లెనన్ తర్వాత చెప్పాడు. ఆ పాటలో తన గొంతు వింటే చాలా ఏళ్ళు సిగ్గేసేదట, ఇంతకంటే బాగా పాడగలనని. ఇక్కడ నేను లెనన్‌తో ఏకీభవించను. ఆ రోజు అతనికి జలుబు చేయకపోయి ఉంటే మంచి పాట వచ్చేది. మంచి పాటలు చాలా ఉన్నాయి.

వరస తప్పి 2012కి దూకుతున్నాను, త్వరగా చెప్పి వెనక్కి వచ్చేస్తాను. ఫిబ్రవరి 11, శనివారం. లాస్ ఏంజిలిస్ దగ్గర బెవర్లీ హిల్టన్ హోటల్. మర్నాడు గ్రామీ బహుమతుల సభ. గ్రామీ అన్న పేరు గ్రామఫోన్ నుంచి వచ్చిందే, చేతికిచ్చే బొమ్మ కూడా గ్రామఫోనే. ఆ హోటల్ గది స్నానాల తొట్టిలో విట్నీ హ్యూస్టన్ చనిపోయి కనబడింది. 48 ఏళ్ళు. గుండె జబ్బు, మత్తుమందు రెండూ కారణాల్లో ఉన్నాయని పరీక్షలో తేలింది. అదే హోటల్లో ఆ రాత్రి జరగాల్సిన సంగీత వ్యాపారుల విందు ఆగలేదు. పై అంతస్తులో ఇంకా పోలీసులున్నారు, కింద విందు. దాని గురించి ఏమనాలో నాకు తోచలేదు, వదిలేస్తున్నాను. 1992లో ఆమె పాడిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ', అంతకుముందు డాలీ పార్టన్ రాసి పాడుకున్న నెమ్మదైన పల్లె పాట, అమెరికాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వాయిద్యం ఏదీ లేకుండా వట్టి గొంతుతో మొదలవుతుంది. ఆ గీత అలాగే ఉండిపోయింది. మనిషి ఉండలేదు. 2010లో ఊరూరా తిరిగి పాడినప్పుడు టిక్కెట్టు కొన్నవాళ్ళు ఆమెను పక్కవాళ్ళతో పోల్చలేదు, పద్దెనిమిదేళ్ళ కిందటి ఆమె రికార్డుతోనే పోల్చి తిట్టారు.

సరే, 1974. ఫిబ్రవరి 11, సోమవారం, మద్రాసు. ఘంటసాల వేంకటేశ్వరరావు పోయారు. 51 ఏళ్ళు.

ఆయన కథ తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేది లేదు గనక రెండు ముక్కల్లో. 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడితే పిల్లవాడు ఆడేవాడు. తండ్రి పోయాక, సంగీతం నేర్చుకోవాలన్న పంతంతో ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. అక్కడ పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి మధూకరం. అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి వండిన అన్నం అడుక్కోవడం. ఒక ఇంటి అన్నం, ఇంకో ఇంటి పచ్చడి, మూడో ఇంటి పులుసు, అన్నీ ఒకే గుడ్డలో. తర్వాత రోజుల్లో కోట్లమంది విన్న గొంతుకు అప్పుడు పడిన ఆహారం అది. 1942 ఉద్యమంలో జైలు. ఆ తర్వాత మద్రాసు, సముద్రాల రాఘవాచార్యగారి ఆసరా, 1945లో 'స్వర్గసీమ'లో పాట, ఆపైన మనందరికీ తెలిసిందే.

నేను నిలబడాలనుకుంటున్నది మైకు దగ్గర. ఆయనకు ముందు తెలుగు పద్యం నాటకాల స్టేజీ మీద పెరిగింది. మైకు లేని పందిళ్ళలో చిట్టచివర చాప మీద కూర్చున్నవాడికి వినబడాలి. అందుకని హెచ్చు శ్రుతి, పద్యానికి పద్యమంత రాగం, వన్స్‌మోర్‌లు. మాట రాగంలో మునిగిపోయినా ఎవరూ అడగలేదు, పద్యం ఎలాగూ జనానికి కంఠతా వచ్చు. సినిమాలో మైకు మూరెడు దూరంలో ఉంది. చాలామంది దాని ముందు నిలబడి కూడా పందిట్లోలాగే పాడారు. ఘంటసాల మైకును మనిషి చెవి అనుకున్నారు. రాగం కుదించారు, మాట ముందుకు తెచ్చారు, విరుపు ఎక్కడుంటే అర్థం తెలుస్తుందో అక్కడే విరిచారు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి 'పుష్పవిలాపం' ఆ గొంతులో విన్నవాళ్ళు పూలు కోయడానికి జంకారంటే అతిశయోక్తి అనుకునేవాణ్ణి, మా అమ్మ రెండు రోజులు దేవుడి పటానికి పూలు పెట్టలేదని తెలిసేదాకా. 'దేవదాసు'లో తాగినవాడి ఊపిరి వినబడుతుంది. గొట్టంలోకి అరిచే కాలంలో అది వీలయ్యేది కాదు.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెనొప్పి. అప్పటికే చక్కెర వ్యాధి. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్ళీ పాడారు. 'భక్త తుకారాం' పాటలు ఆ తర్వాతివే. ఆ నలతలోనే ఆయన పెట్టుకున్న పెద్ద పని భగవద్గీత. ఎంచిన శ్లోకాలు పాడి, ఒక్కోదాని భావం తెలుగులో తానే మాటల్లో చెప్పారు. కుక్క మార్కు హెచ్ఎంవీ రికార్డు. అది జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు.

ఒక సంగతి చెప్పాలి. ఎబ్బీ రోడ్డు స్టూడియో ఎవరిదో మన హెచ్ఎంవీ కూడా అప్పట్లో ఆ ఈఎంఐదే. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో బీటిల్స్ పళ్ళాలూ అచ్చయ్యాయి, ఘంటసాల పళ్ళాలూ అచ్చయ్యాయి. గొంతు చిరిగిన కుర్రాడూ, గుండె అలసిన పెద్దాయనా ఒకే కప్పు కింద పక్కపక్కన ఆరారన్నమాట.

ఎడిసన్ అయిదో ఉపయోగం గుర్తుందా? పోయేవాళ్ళ చివరి మాటలు దాచుకోవడం. మన దగ్గర అది చిత్రమైన దారి పట్టింది. పోయినవాడి మాట కాదు, పోయినవాడి కోసం పోయిన ఇంకొకరి మాట. తెల్లవారుజామున దూరం నుంచి ఘంటసాల భగవద్గీత వినబడితే ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ "ఎవరో పోయారు" అనుకుంటారు. ఇప్పుడు స్వర్గరథం డ్రైవరు దగ్గర పెన్‌డ్రైవ్‌లో అదొక్కటే ఉంటుంది. ఇది నాకు గౌరవంగానూ ఉంటుంది, కోపంగానూ ఉంటుంది. 'మాయాబజార్' పాడిన గొంతు, కొంటెగా, మత్తుగా, వీరంగా, వెన్నెల్లా పాడిన గొంతు, ఈనాటి పిల్లలకు చావు కబురైపోయింది. పొద్దున్నే ఇంట్లో గీత పెడితే మా అత్తయ్య పరుగెత్తుకొచ్చి ఆపేసింది. "ఏమిట్రా అది, ఇరుగుపొరుగు వచ్చి వాలతారు!"

అయినా నేను ఆ గీతను మొదట విన్నది అలాంటి పొద్దునే. 1981 వేసవి, గుడివాడ వైపు మా ఊళ్ళో. తాతయ్య పోయిన రాత్రి. నాకు పదేళ్ళు. ఎవరూ పిలవకుండానే మైకుసెట్టు ఆయన సైకిలు వెనక పెట్టె కట్టుకుని వచ్చాడు. వెంట ఒక కుర్రాడు. పెళ్ళిళ్ళకు సినిమా పాటలు వేసేదీ ఆయనే. వేపచెట్టుకు గొట్టం కట్టి, అరుగు మీద ప్లేయరు పెట్టి, నాన్న దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

"గీత పెట్టమంటారా, పంతులుగారూ?"

నాన్న తలూపాడు. ఆయన ఆ పళ్ళేన్ని పాత పంచె ముక్కలో చుట్టి వేరుగా తెచ్చాడు, మిగతా వాటితో కలపలేదు. అంచులు పట్టుకుని తీసి, ఊది, తడిలేని అరచేత్తో తుడిచాడు. ప్లేయరు చేతి కొస మీద నాణెం ఒకటి అతికించి ఉంది, ముల్లు ఎగరకుండా బరువు కోసం. నేను స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. పళ్ళెం మీద ఒకచోట అడ్డంగా తెల్లగా చెక్కుకుపోయి ఉంది, ఎన్ని ఇళ్ళు తిరిగి వచ్చిందో. ఆయన దాన్ని వేలితో చూపించి కుర్రాడి చెవిలో అన్నాడు.

"అదిగో, ఆడ గీత మీద గీత పడింది. ముల్లు ఆడికొచ్చేసరికి ఎనక్కి పోద్ది, చెప్పిందే చెప్పుద్ది. నిద్రపోమాక. వేలు ఆనించి ఉంచు."

కుర్రాడు గొంతుక్కూర్చున్నాడు. ముల్లు దిగింది. కాసేపు చిటపట, తర్వాత ఆ గొంతు. లోపల అమ్మమ్మ ఏడుపు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. తెల్లారేదాకా ఆ కుర్రాడు వేలు చాపుకుని పళ్ళెం వంకే చూస్తూ కూర్చున్నాడు.

(సశేషం)